దున్నినోడు ఎక్కడ? ప్రకాశ్ సింగ్ బాదల్ ‘రైతు’ రాజకీయంపై ఒక పరిశీలన

ప్రకాశ్ సింగ్ బాదల్ 2023 ఏప్రిల్ 25న చనిపోయాడు. తొంభై అయిదేళ్లు నిండిన మనిషి. అందులో డెబ్బై అయిదేళ్లు రాజకీయాల్లోనే గడిచాయి. 1947లో సొంత ఊరు బాదల్‌కు సర్పంచ్ అయ్యాడు. 1957లో మొదటిసారి ఎమ్మెల్యే. ఆ తర్వాత అయిదుసార్లు పంజాబ్ ముఖ్యమంత్రి. 1970లో మొదటిసారి ఆ కుర్చీ ఎక్కినప్పుడు ఆయనకు నలభై మూడేళ్లు కూడా నిండలేదు. 2017లో చివరిసారి దిగేనాటికి తొంభైకి దగ్గర పడ్డాడు.

ఆయన పోయినప్పుడు పార్టీ తేడా లేకుండా అందరూ వాడిన మాట ఒక్కటే: రైతు నాయకుడు, రైతు బిడ్డ. తెలుగు పత్రికలు కూడా అదే రాశాయి. ఈ మాటను పరీక్ష చేయడమే ఈ వ్యాసం పని. బాదల్ మంచివాడా, చెడ్డవాడా అన్నది మనకు ముఖ్యం కాదు. మనిషి నెమ్మదైనవాడనీ, ఎదుటివాడు ఎంత తిట్టినా గొంతు పెంచడనీ శత్రువులు కూడా ఒప్పుకుంటారు. మన ప్రశ్న వేరు. పంజాబ్‌లో ‘రైతు’ అంటే ఎవరు? ఆ మాట కింద ఎవరు లెక్కకొస్తారు, ఎవరు రారు?

దేశంలో దళితుల శాతం అన్ని రాష్ట్రాల కంటే ఎక్కువ ఉన్నది పంజాబ్‌లోనే. 2011 జనగణన ప్రకారం 31.94 శాతం. అంటే దాదాపు ప్రతి ముగ్గురిలో ఒకరు దళితులు. మరి వాళ్ల చేతిలో ఉన్న సాగుభూమి ఎంత? నాలుగు శాతం లోపే. వరి నాటేదీ, కోత కోసేదీ, పశువుల పేడ ఎత్తేదీ ఈ మూడోవంతు జనమే. అయినా పంజాబ్ రైతు అనగానే మన కళ్లముందు నిలబడేది తలపాగా చుట్టి ట్రాక్టర్ మీద కూర్చున్న జాట్ సిక్కు ఒక్కడే. ఈ బొమ్మ ఎట్లా తయారైంది? బాదల్ దాన్ని ఎట్లా వాడుకున్నాడు? దానికోసం ఎవరు మూల్యం చెల్లించారు?

చట్టం తయారుచేసిన రైతు

రైతు అనేది వృత్తి పేరని మనం అనుకుంటాం. దున్నేవాడు రైతు, అంతే గదా అంటాం. పంజాబ్‌లో అది వృత్తి పేరు కాదు, చట్టం రాసిచ్చిన కులాల జాబితా. 1900లో బ్రిటిష్ ప్రభుత్వం పంజాబ్ భూమి అన్యాక్రాంత నిషేధ చట్టం తెచ్చింది. పట్నం వడ్డీ వ్యాపారులు రైతుల భూముల్ని కాజేస్తున్నారు, దాన్ని ఆపాలి అన్నది పైకి చెప్పిన కారణం. అందులో నిజం లేకపోలేదు. కానీ ఆపిన పద్ధతి చూడాలి. ప్రతి జిల్లాలో ‘వ్యవసాయ తెగలు’ ఇవీ అని ఒక జాబితా ప్రకటించారు. జాట్లు, రాజపుత్రులు, గుజ్జర్లు, ఇట్లా. ఆ జాబితాలో ఉన్నవాడి భూమిని జాబితాలో లేనివాడు కొనకుండా కట్టడి చేశారు.

తరతరాలుగా పొలంలోనే ఉన్న చమార్లు, చూహ్డాలు ఆ జాబితాలో లేరు. నాగలి పట్టిన చేయి వాళ్లదే, కానీ చట్టం దృష్టిలో వాళ్లు వ్యవసాయదారులు కారు. వడ్డీ వ్యాపారిని ఆపడానికి కట్టిన గోడ చివరికి దళితుడికి అడ్డంగా నిలబడింది. కూడబెట్టుకున్న డబ్బుతో ఒక ఎకరం కొందామన్నా చట్టం ఒప్పుకోదు. ఊళ్లో ఇల్లు కట్టుకున్న జాగా కూడా భూస్వాముల ఉమ్మడి ఆస్తిగానే రికార్డుల్లో ఉండేది. మంగూరామ్ నాయకత్వంలో 1926లో మొదలైన ఆద్ ధర్మ్ ఉద్యమం ఈ చట్టాన్ని ఎదిరించింది. అంటరానివాళ్లకూ భూమి కొనుక్కునే హక్కు కావాలని అడిగింది. స్వాతంత్ర్యం వచ్చాక గానీ ఆ చట్టం పోలేదు.

పోయేనాటికి నష్టం జరిగిపోయింది. 1947లో దేశం చీలినప్పుడు తూర్పు పంజాబ్ నుంచి ముస్లింలు వదిలివెళ్లిన లక్షల ఎకరాల భూమి ప్రభుత్వం చేతికి వచ్చింది. భూమిలేనివాళ్లకు పంచడానికి అంతకంటే మంచి అదను చరిత్రలో మళ్లీ రాలేదు. కానీ పంపకానికి పెట్టిన సూత్రం భూమికి భూమి. పశ్చిమ పంజాబ్‌లో ఎంత వదిలి వచ్చారో చూసి, దాంట్లో మెట్లవారీగా కోత పెట్టి ఇక్కడ ఇచ్చారు. అక్కడ భూమి ఉన్నవాడికే ఇక్కడ భూమి. దళితుడికి అక్కడ ఎందుకు లేదు? కొననివ్వలేదు కాబట్టి లేదు. అక్కడ లేదు కాబట్టి ఇక్కడా రాలేదు. 1900లో మూసిన తలుపు 1947లోనూ మూసే ఉంది. ఆ తర్వాత కొన్ని చోట్ల దళిత సహకార సంఘాలకు కొంత భూమి ఇచ్చారు గానీ, మొత్తం లెక్కలో అది చిటికెడు.

బాదల్ సర్పంచ్ అయింది సరిగ్గా ఆ ఏడాదే. ఇది ఆయన చేసిన తప్పు అని ఎవరూ అనరు. కానీ ఆయన రాజకీయం మొదలైన నేల ఇదీ. ఈ నేల ఎట్లా తయారైందో చెప్పకుండా ‘రైతు బిడ్డ’ అని రాస్తే, కథలో సగం దాచిపెట్టినట్టే.

సర్పంచ్ నుంచి ముఖ్యమంత్రి దాకా

బాదల్ పుట్టింది 1927 డిసెంబర్ 8న, మాళ్వా ప్రాంతంలో మలౌట్ దగ్గర అబుల్ ఖురానా అనే ఊళ్లో. ధిల్లాన్ గోత్రపు జాట్ సిక్కు కుటుంబం. పెద్ద కమతం ఉన్న ఇల్లు. చదువు లాహోర్‌లో, ఫోర్మన్ క్రిస్టియన్ కాలేజీలో. ఎకరం, రెండెకరాలు గొడ్డుతో దున్నుకునే బక్క రైతు కాదు. ఊరి నాయకత్వం పుట్టుకతో వచ్చిన ఇల్లు.

సర్పంచ్ తర్వాత లంబి బ్లాక్ సమితి అధ్యక్షుడు. 1957లో అకాలీలు కాంగ్రెస్‌తో కలిసి నిలబడినప్పుడు కాంగ్రెస్ టికెట్ మీద మలౌట్ నుంచి గెలిచాడు. 1969లో గిద్దర్‌బాహా నుంచి గెలిచి గుర్నామ్ సింగ్ మంత్రివర్గంలో పంచాయతీరాజ్, పశుసంవర్ధక శాఖలు చూశాడు. 1970 మార్చిలో ముఖ్యమంత్రి. 1977లో కొద్ది నెలలు మొరార్జీ ప్రభుత్వంలో కేంద్ర వ్యవసాయ మంత్రిగా ఉండి, అదే ఏడాది జూన్‌లో రెండోసారి ముఖ్యమంత్రిగా చండీగఢ్ తిరిగొచ్చాడు. తర్వాత 1997 నుంచి 2002 వరకు, 2007 నుంచి 2017 వరకు. ఈ మెట్లు గుర్తుపెట్టుకోవాలి, ముఖ్యంగా పంచాయతీ శాఖ. ఊరి ఉమ్మడి భూమి ఎవరి చేతుల్లో ఉంటుంది, ఎట్లా కౌలుకు పోతుంది అన్న సంగతి పంజాబ్‌లో ఈయనకు తెలిసినంతగా తెలిసిన ముఖ్యమంత్రి ఇంకొకరు ఉండరు.

ఆయన వైపు చెప్పాల్సినవీ చెప్పాలి. ఎమర్జెన్సీని అకాలీలు గట్టిగా ఎదిరించారు. బాదల్ జైల్లో ఉన్నాడు. రాష్ట్రాల హక్కుల కోసం ఢిల్లీతో కొట్లాడిన పార్టీ అది. 1980ల నెత్తుటి కాలం తర్వాత హిందువులకూ సిక్కులకూ మధ్య మాట కలపడంలో ఆయన పాత్ర ఉంది. వీటిని కాదనడం లేదు. కానీ ఇవన్నీ ఢిల్లీకీ పంజాబ్‌కూ మధ్య, మతానికీ మతానికీ మధ్య జరిగిన సంగతులు. ఊరికీ వాడకూ మధ్య ఏం జరిగింది?

మొదటి పాలన చూడండి. 1970-71లో పంజాబ్‌లో నక్సలైటు ఉద్యమాన్ని పోలీసులు ఎన్‌కౌంటర్లతో అణిచారు. ఎనభై దాటిన పాత గదర్ వీరుడు బాబా బుజ్జా సింగ్‌ను 1970 జూలైలో చంపేశారు. అప్పుడు ముఖ్యమంత్రి బాదలే. శ్రీకాకుళంలో అదే కాలంలో ఏం జరిగిందో తెలిసిన మనకు ఇది కొత్తగా అనిపించదు. ఆ ఉద్యమంలో నలిగిన దళిత కవులు ఇద్దరున్నారు. ఒకరు లాల్ సింగ్ దిల్, చమార్. ఇంకొకరు సంత్ రామ్ ఉదాసీ, మజహబీ. ఇద్దరూ ఆ రోజుల్లో జైలూ చిత్రహింసలూ అనుభవించారు. ‘సీరీ’ గురించి, అంటే జాట్ ఇంట్లో ఏడాది జీతానికి కుదిరిన పాలేరు గురించి ఉదాసీ పాటలు కట్టాడు. పంజాబీ సాహిత్యంలో దున్నినోడి గొంతు వినిపించింది వీళ్ల దగ్గర. ‘రైతు’ ప్రభుత్వం వాళ్లను గుర్తించింది పోలీసు రికార్డులోనే.

కరెంటు ఎవరి పొలంలోకి పారింది?

బాదల్ పేరు రైతుల్లో నిలబెట్టిన పథకం ఉచిత విద్యుత్తు. 1997 ఎన్నికల ముందు కాంగ్రెస్ ప్రభుత్వం చిన్న రైతుల బోర్లకు ఉచితం అన్నది. గెలిచిన బాదల్ దాన్ని రైతులందరికీ చేశాడు. ఏడెకరాలవాడికీ ఉచితమే, డెబ్బై ఎకరాలవాడికీ ఉచితమే. 2002లో వచ్చిన కాంగ్రెస్ దాన్ని తీసేసింది, మళ్లీ మూడేళ్లకు తనే ఇచ్చింది. అప్పటినుంచి ఏ పార్టీ దాన్ని ముట్టుకోలేదు.

బోరుకు ఇచ్చే సబ్సిడీ బోరు ఉన్నవాడికి పోతుంది. భూమి ఉన్నవాడికి బోరు ఉంటుంది. భూమి ఎక్కువున్నవాడికి రెండు మూడు బోర్లుంటాయి. కాబట్టి ఖజానా డబ్బు ఎకరాల వెంబడే పారుతుంది. జనాభాలో మూడోవంతు ఉండి నాలుగు శాతం భూమి కూడా లేనివాళ్లకు అందులో వాటా ఎంతో లెక్క కట్టడానికి పెద్ద చదువేం అక్కర్లేదు. ఇళ్లకు మాత్రం దళితులకు నెలకు 200 యూనిట్లు ఉచితం అన్నారు. జాట్ కరెంటు పొలంలో పంట పండించి డబ్బు చేసింది. దళితుడి కరెంటు ఇంట్లో బల్బు వెలిగించింది. రెండిటినీ ఉచిత విద్యుత్తు అనే ఒక్క పేరుతో పిలవడం మోసం.

నీళ్లు కూడా అట్లాగే తోడేశారు. నేడు పంజాబ్‌లో నాలుగింట మూడు వంతుల బ్లాకుల్లో భూగర్భజలం చేరేదానికంటే తోడేదే ఎక్కువ. ఊరందరి నీళ్లు అవి. తోడింది మాత్రం భూమి ఉన్నోళ్లు. బాదల్ ప్రభుత్వమే 2009లో ఒక చట్టం తెచ్చి, జూన్‌లో ప్రకటించిన తేదీకి ముందు వరి నాటకూడదని ఆంక్ష పెట్టింది. నీటి కోసం అది అవసరమే. కానీ నాట్ల పని కొద్ది రోజుల్లోకి కుంచించుకుపోయింది. ఒక్కసారిగా అందరికీ కూలీలు కావాలి. కూలి పెంచమని అడగడానికి కూలీకి బలం వచ్చే రోజులవి. ఆ బలాన్ని విరగ్గొట్టడానికి పంజాబ్ ఊళ్లలో ఉన్న ఆయుధం ‘నాకాబందీ’, సాంఘిక బహిష్కారం. గురుద్వారా మైకులో చాటింపు వేస్తారు: ఇంత కూలికి రానివాణ్ని ఎవరూ పొలంలోకి రానీయొద్దు, గట్టు మీద గడ్డి కోయనీయొద్దు. కారంచేడు తర్వాత మనవాళ్లు చీరాలకు ఎందుకు వెళ్లాల్సి వచ్చిందో తెలిసినవాళ్లకు ఈ మాట అర్థం విడమరిచి చెప్పనక్కర్లేదు.

కష్టాల్లోనూ ఇదే తేడా. 2000 తర్వాత ఒకటిన్నర దశాబ్దంలో పంజాబ్‌లో రైతులు, కూలీలు కలిపి పదహారు వేలమందికి పైగా ఆత్మహత్య చేసుకున్నారని రాష్ట్రంలోని విశ్వవిద్యాలయాల సర్వే తేల్చింది. అందులో నలభై శాతానికి పైగా కూలీలే. కానీ పేపర్ల హెడ్డింగుల్లో అవన్నీ ‘రైతు ఆత్మహత్యలు’. బతికుండగా రైతు కాని దళిత కూలీ, చచ్చాక లెక్క పెంచడానికి మాత్రం రైతు అయ్యాడు.

దర్శనం, కార్డు

అయితే బాదల్ దళితుల్ని పట్టించుకోలేదా? పట్టించుకున్నాడు. ఎట్లా పట్టించుకున్నాడో చూస్తేనే ఆయన రాజకీయం తెలుస్తుంది. దళిత ఆడపిల్లల పెళ్లికి డబ్బిచ్చే ‘శగున్’ పథకం 1997లో వచ్చింది. 2007లో ‘ఆటా దాల్’ వచ్చింది: నీలం కార్డు ఉన్న పేదింటికి కిలో నాలుగు రూపాయలకు గోధుమ, ఇరవై రూపాయలకు పప్పు. కడుపు నిండినవాడు ఈ పథకాల్ని వెక్కిరించొచ్చు, మనం వెక్కిరించలేం. గోధుమ పండించే రాష్ట్రంలో, గోధుమ కోసినవాడి ఇంట్లో పిండి లేకపోతే కార్డు అవసరమే. కానీ ఆ పిండి ఎందుకు లేదన్న ప్రశ్న కార్డు మీద ఉండదు.

ఆయన పాలనకు గుర్తు ‘సంగత్ దర్శన్’. ముఖ్యమంత్రి తనే ఊరూరికీ వచ్చి కూర్చుంటాడు. జనం వచ్చి అడుగుతారు. వీధికి ఇంత, శ్మశానానికి ఇంత, ధర్మశాలకు ఇంత అని అక్కడికక్కడే మంజూరు చేస్తాడు. చూడటానికి ఎంత బాగుంది! ముఖ్యమంత్రి వాడకొచ్చాడు, పేరు పెట్టి పిలిచాడు. కానీ ఆలోచించండి. రోడ్డు, శ్మశానం, నీళ్లు పంచాయతీ బడ్జెట్‌లోంచి హక్కుగా రావాల్సినవి. వాటిని ఒక పెద్దమనిషి చేతిమీదుగా దానంగా ఇప్పిస్తే హక్కు కాస్తా దయ అవుతుంది. జాట్‌కు కనీస మద్దతు ధర ఉంది, మండీ ఉంది, ఉచిత విద్యుత్తు ఉంది. వాటికోసం అతను దర్శనానికి రావాల్సిన పనిలేదు, అవి ప్రభుత్వ విధానం. దళితుడికి ఉన్నది దరఖాస్తు. ఒకరికి విధానం, ఇంకొకరికి దర్శనం. బాదల్ యాభై ఏళ్ల రాజకీయం ఈ తేడా మీద నిలబడింది.

కుర్చీలూ ఇచ్చాడు. దళితుడైన చరణ్‌జిత్ సింగ్ అట్వాల్ రెండుసార్లు అసెంబ్లీ స్పీకర్‌గా ఉన్నాడు. మంత్రివర్గాల్లో దళితులున్నారు. పార్టీ, ప్రభుత్వం మాత్రం కొడుకు, కోడలు, అన్నదమ్ముల పిల్లలు, వియ్యాలవారి చేతుల్లో నడిచాయి. ఇది ఒక్క బాదల్ జబ్బే కాదు. 1967 నుంచి పంజాబ్‌ను ఏలినవాళ్లలో జైల్ సింగ్, చన్నీ తప్ప మిగతావాళ్లంతా జాట్ సిక్కులే, పార్టీ ఏదైనా. మొదటి దళిత ముఖ్యమంత్రి చన్నీ 2021 సెప్టెంబర్‌లో వచ్చాడు, 2022 మార్చిలో పోయాడు. ఆరు నెలలు కూడా నిండలేదు.

మూడోవంతు సంగతి

బాదల్ రాజకీయానికి నిజమైన పరీక్ష ఒకటుంది. దానికి కొత్త చట్టం చేయాల్సిన పనిలేదు, ఎవరి భూమీ గుంజుకోవాల్సిన పనిలేదు. ఉన్న చట్టం అమలు చేస్తే చాలు.

పంజాబ్ ఊళ్లలో ఉమ్మడి భూములున్నాయి. అక్కడ షామ్‌లాత్ అంటారు. 1961లో వచ్చిన గ్రామ ఉమ్మడి భూముల చట్టం, దాని కింద వచ్చిన నిబంధనల ప్రకారం పంచాయతీ కౌలుకిచ్చే సాగుభూమిలో మూడోవంతు షెడ్యూల్డు కులాలకే ఇవ్వాలి. రాష్ట్రం మొత్తం మీద పంచాయతీ సాగుభూమి లక్షన్నర ఎకరాల పైమాట. అందులో దళితుల వాటా యాభై వేల ఎకరాలకు పైగా ఉంటుంది. భూమి పంపకం కాదిది, ఏడాది కౌలు మాత్రమే. అది కూడా ఊరికే రాదు, పాటలో డబ్బు కట్టి తీసుకోవాలి.

ఆ పాట ఎట్లా జరిగేది? భూస్వామి తన దగ్గరున్న సీరీని తీసుకొచ్చి నిలబెడతాడు. డబ్బు భూస్వామిది, పేరు పాలేరుది. కాగితం మీద కౌలుదారు దళితుడు, పొలంలో ట్రాక్టర్ జాట్‌ది. నిజంగా కావాలనుకున్న దళిత కుటుంబం పాటకొస్తే ధర పెంచేస్తారు. కౌలు డబ్బు ముందే కట్టాలి, కూలీ ఎక్కణ్నుంచి తెస్తాడు? ఇట్లా దశాబ్దాలపాటు మూడోవంతు భూమి రికార్డుల్లో దళితులదిగా, పంటలో భూస్వాములదిగా నడిచింది. మనకు తెలిసిన అసైన్డ్ భూముల బినామీ కథకు ఇది పంజాబీ రూపం.

దీన్ని పగలగొట్టింది దళితులే. సంగ్రూర్ జిల్లాలో బేన్‌రా అనే ఊళ్లో దళిత కుటుంబాలు చందాలు వేసుకొని, పాటలో కలిసి నిలబడి, భూమి తీసుకొని ఉమ్మడిగా సాగు చేశాయి. దాన్ని చూసి మిగతా ఊళ్లు కదిలాయి. 2014లో బలద్ కలాన్‌లో దళితులు తమ వాటా అడిగితే పోలీసులు లాఠీలు ఎత్తారు, కేసులు పెట్టారు. ఆ ఏడాదే ‘జమీన్ ప్రాప్తి సంఘర్ష్ కమిటీ’ ఏర్పడింది. 2016 అక్టోబర్‌లో ఝలూర్‌లో దళిత వాడ మీద దాడి జరిగింది. అందులో గాయపడ్డ ఒక వృద్ధురాలు తర్వాత చనిపోయింది. ఈ రెండు సంఘటనలప్పుడూ ముఖ్యమంత్రి ప్రకాశ్ సింగ్ బాదల్. పంచాయతీ శాఖ చూసిన మంత్రి, సర్పంచ్‌గా మొదలైన మనిషి. చట్టం తెలియదని అనడానికి వీల్లేదు. తన అయిదు పాలనల్లో ఒక్కసారైనా, దొంగ పాటలు రద్దు చేయండి, కౌలు తగ్గించండి, మూడోవంతు నిజంగా ఇవ్వండి అని గట్టిగా నిలబడి ఉంటే సంగ్రూర్ ఆడవాళ్లు లాఠీలు తినాల్సిన పనుండేది కాదు. కాంగ్రెస్ కూడా చేయలేదన్నది నిజమే. ఆ మాట బాదల్‌ను కాపాడదు. భూమి దగ్గరికొచ్చేసరికి రెండు పార్టీలూ ఒకటేనని మాత్రం రుజువు చేస్తుంది.

ఆ కౌలు భూమి కోసం ఎందుకంత తెగింపు? ఎకరమో, అరెకరమో వాటాకు వస్తే ఎవడూ ధనవంతుడు కాడు. అసలు సంగతి గడ్డి. పంజాబ్‌లో దళిత కుటుంబానికి బర్రె ఉంటుంది, బర్రెకు పచ్చిగడ్డి కావాలి. సొంత భూమి లేదు కాబట్టి ఆడవాళ్లు జాట్ల పొలం గట్లకు పోవాలి. అక్కడ బూతులు, కులం పేరుతో తిట్లు, చేయి పట్టుకోవడాలు. గడ్డి మోపు కోసం రోజూ మానం అడ్డం పెట్టాల్సిన బతుకు. ఉమ్మడిగా తీసుకున్న భూమిలో కాస్త చెక్క గడ్డికి వదిలితే, ఆ ఇంటి ఆడమనిషి ఇంకెవడి గట్టూ తొక్కక్కర్లేదు. అందుకే ఈ పోరాటంలో ముందు నిలబడింది ఆడవాళ్లు. యాభై ఏళ్ల ‘రైతు’ రాజకీయానికి ఈ గడ్డి మోపు ఒక్కసారి కూడా కనపడలేదు. ఇంతకంటే ఆ రాజకీయం మీద చెప్పాల్సిన విమర్శ లేదు.

ఇదే పాలనలో, 2015 డిసెంబర్‌లో, అబోహర్ దగ్గర ఒక దళిత యువకుడి కాళ్లూ చేతులూ నరికి చంపారు. చంపిన చోటు అధికార పార్టీ స్థానిక నాయకుడైన ఒక మద్యం వ్యాపారి ఫామ్‌హౌస్. 2019లో కోర్టు శిక్షలు వేసింది. 2006లో మాన్సా జిల్లాలో ఉదాసీ పాటలు పాడే దళిత గాయకుడు బంత్ సింగ్‌ను చేతులూ కాలూ పోయేట్టు కొట్టారు. అప్పుడున్నది కాంగ్రెస్ ప్రభుత్వం. సర్కారు మారింది, నరికే చేయి మారలేదు.

మనవాళ్ల రాజకీయం ఏమైంది?

ఇక్కడ ఒక ప్రశ్న తప్పించుకోలేం. మూడోవంతు జనం ఉండి దళితులు ఎందుకు ఏలలేదు? కాన్షీరామ్ పుట్టిన రాష్ట్రం గదా అది! 1992లో అకాలీలు ఎన్నికలు బహిష్కరించినప్పుడు బీఎస్పీ తొమ్మిది అసెంబ్లీ సీట్లు గెలిచింది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో అకాలీలూ బీఎస్పీ కలిసి పదమూడింట్లో పదకొండు గెలిచారు. హోషియార్‌పూర్ నుంచి కాన్షీరామ్ గెలిచాడు. జాట్, దళితుడు ఒకే పెట్టెలో ఓటేస్తే ఏమవుతుందో దేశం చూసింది. ఏడాది తిరక్కముందే బాదల్ బీజేపీ చేయి పట్టుకున్నాడు. పట్నం హిందూ వ్యాపారి ఓటుతో పొత్తు పెట్టుకుంటే ఊళ్లో జాట్ భూమికి ఏ ఇబ్బందీ లేదు. దళితుడితో సమానంగా పొత్తు పెట్టుకుంటే ఏదో ఒకనాడు ఆ మూడోవంతు సంగతి బల్ల మీదికొస్తుంది. మళ్లీ పాతికేళ్లకు, 2021లో, చేతిలో ఏమీ మిగలనప్పుడు బీఎస్పీ గుర్తొచ్చింది. గెలిస్తే దళితుడికి ఉప ముఖ్యమంత్రి పదవి అన్నారు. 2022లో అకాలీలకు మూడు సీట్లు, బీఎస్పీకి ఒకటి. లంబిలో బాదల్ కూడా ఓడిపోయాడు.

తప్పు బాదల్‌దే అని ఊరుకుంటే చాలదు. దోఆబాలో ఆద్ ధర్మీలు, రవిదాసీయులు తోలు వ్యాపారంతో, విదేశీ డబ్బుతో, చదువుతో కొంత నిలదొక్కుకున్నారు. బాదల్ ప్రాంతమైన మాళ్వాలో మజహబీలు ఇంకా జాట్ పొలం మీదే ఆధారపడి ఉన్నారు. ఒకరి రాజకీయం ఇంకొకరిని చేరలేదు. 1975లోనే పంజాబ్ ఎస్సీ ఉద్యోగాల్లో సగం మజహబీలకూ వాల్మీకులకూ కేటాయించింది. మన దండోరా అడిగింది అదే. మన రాష్ట్రపు వర్గీకరణ చట్టం మీద 2004లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు పంజాబ్‌లోనూ దాన్ని దెబ్బతీసింది. చివరికి పంజాబ్ కేసులోనే 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల ధర్మాసనం వర్గీకరణ చెల్లుతుందని చెప్పింది. పంజాబ్ దళితుల కథ మన కథతో ఇంత దగ్గరగా ముడిపడి ఉంది. ఉద్యోగాల్లో వాటా గురించి రెండుచోట్లా లోతుగా మాట్లాడుకున్నాం. భూమిలో వాటా గురించి రెండుచోట్లా అంత లోతుగా మాట్లాడుకోలేదు.

మాట తేల్చుకోవాలి

2020లో కేంద్రం తెచ్చిన మూడు వ్యవసాయ చట్టాల్ని అకాలీదళ్ మొదట వెనకేసుకొచ్చింది. రైతులు రోడ్డెక్కాక సెప్టెంబర్‌లో బాదల్ కోడలు కేంద్ర మంత్రి పదవికి రాజీనామా చేసింది. డిసెంబర్‌లో బాదల్ తన పద్మవిభూషణ్ వెనక్కిచ్చాడు. ఢిల్లీ సరిహద్దుల్లో రైతు కూలీ ఐక్యత నినాదం మోగింది. ఆ పోరాటం గొప్పది, దళిత కూలీలు కూడా అందులో నిలబడ్డారు. కానీ అదే 2020 జూన్‌లో, లాక్‌డౌన్ వల్ల బీహార్ కూలీలు రాక నాట్లకు మనుషులు దొరకనప్పుడు, పంజాబ్ పంచాయతీలు ఎన్నో కూలి రేట్లకు పరిమితి కట్టి తీర్మానాలు చేశాయి. మీరితే బహిష్కారం అన్నాయి. ఢిల్లీ ముందు ఐక్యత, ఊళ్లో తీర్మానం. ఐక్యత వద్దని మనం అనడం లేదు. అది పొలం గట్టు మీద మొదలుకావాలని అంటున్నాం.

ఇది పంజాబ్‌కే సంబంధించిన సంగతి అనుకుంటే పొరపాటు. 2004లో మన దగ్గర ఉచిత విద్యుత్తు మీద మొదటి సంతకం పెట్టినప్పుడూ డబ్బు బోరు వెంబడే పోయింది. 2018లో తెలంగాణలో రైతుబంధు వచ్చినప్పుడు ఎకరానికి ఇంత అన్నారు. ఎకరాలు ఎక్కువున్నోడికి డబ్బు ఎక్కువ, కౌలుదారుకు లేదు, కూలీకి లేదు. ఇక్కడా దాన్ని ‘రైతు’ పథకమనే పిలిచాం. కమ్మ, రెడ్డి, వెలమ, జాట్ ఎవరైనా, భూమి ఉన్న కులం తన పేరును రైతు అని మార్చుకుంటే చాలు, ప్రశ్నించేవాడు రైతు ద్రోహి అయిపోతాడు.

కాబట్టి విద్యార్థులూ ఉపాధ్యాయులూ ఇకముందు ఏ రైతు నాయకుడి జీవితం చదివినా మూడు సంగతులు వెతకండి. ఆయన కుటుంబానికి భూమి ఏ చట్టంతో, ఎవరిని బయట ఉంచి నిలిచింది? ఆయన పథకాలు ఎకరాల వెంబడి పోయాయా, మనుషుల వెంబడి పోయాయా? దళితులకు చట్టం అప్పటికే ఇచ్చిన భూమిని ఆయన ఇప్పించాడా? బాదల్ విషయంలో మొదటిదానికి జవాబు 1900 చట్టంలో ఉంది. రెండోదానికి బోరు మోటారు దగ్గర ఉంది. మూడోదానికి బలద్ కలాన్ లాఠీల్లో ఉంది. ఆ మూడోవంతు పోరాటం ఆయన పోయాక కూడా సంగ్రూర్ ఊళ్లలో నడుస్తూనే ఉంది. రైతు అన్న మాట ఎవరిదో తేలేది అక్కడే, పాట జరిగే రోజున.